నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ

ప్రయాణికుల ఆకలి తీర్చే భోజనశాలలు నేడు అడుగడుగునా కనిపిస్తాయి. నూటయాభై ఏండ్ల క్రితం అట్టి సౌకర్యం లేదు. డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే పూటకూళ్ళ ఇళ్ళు, సత్రాలు కొన్నిచోట్ల మాత్రమే ఉండేవి. ఏళ్ళు దాటి, లంకలు గడచి నడిచే కోనసీమ బాటసారికి దారిలో పొద్దుగూకితే పస్తే గతి. అట్టి కాలంలో తన గృహాన్నే అన్నసత్రంగా మార్చిన మహనీయురాలు డొక్కా సీతమ్మ.

సీతమ్మ 1841లో మండపేటలో జన్మించింది. తల్లి నరసమ్మ, తండ్రి అనుపిండి భవానీశంకరం. అడిగినవారికి లేదనక అన్నం పెట్టే ఆయనను ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. చిన్ననాడే తల్లిని కోల్పోయిన సీతమ్మ ఇంటి బాధ్యతను స్వీకరించింది. బడిచదువు లేకున్నా, తండ్రి నడవడియే ఆమెకు తొలి పాఠమైంది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న ఆమెను వివాహమాడాడు.

వైనతేయ తీరాన ఉన్న ఆ ఇంటికి వేళగాని వేళలో అతిథులు వచ్చేవారు. వచ్చేది ఎప్పుడో, ఎందరో ముందుగా తెలియదు. కులమేదని అడగక, అర్ధరాత్రియైనా విసుగక ఆమె వండి వడ్డించేది. కాలక్రమంలో ఆస్తి తరిగినా దంపతులు వ్రతాన్ని విడువలేదు.

ఒకసారి అంతర్వేది యాత్రకు బయలుదేరిన సీతమ్మకు దారిలో ఒక పెండ్లివారి మాటలు చెవినబడ్డాయట. గన్నవరం చేరితే సీతమ్మ ఇంట కడుపు నిండుతుందన్న ఆశతో వారు తమ పిల్లలను ఊరడిస్తున్నారు. ఆమె వెంటనే యాత్ర మాని, వారికంటె ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేసిందని చెప్పుకొంటారు. దైవదర్శనం కంటె ఆకలిగొన్నవారి నమ్మకమే ఆమెకు మిన్న.

ఆమె కీర్తి సముద్రాలు దాటింది. 1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆహ్వానం రాగా ఆమె సవినయంగా నిరాకరించిందనీ, ఆమె ఛాయాచిత్రాన్ని తెప్పించుకొని గౌరవించారనీ ప్రసిద్ధి. 1909లో సీతమ్మ పరమపదించింది.

గన్నవరం వద్ద వైనతేయపై నిర్మించిన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో 2025 జనవరి 4న ప్రారంభమైన మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే ఉంచారు. పొలం పైరుకు నీరందించే కట్టడానికీ, విద్యార్థి ముందుంచే విస్తరికీ ఇంతకన్న తగిన పేరు వేరొకటి లేదు. అన్నం పెట్టడానికి కావలసింది సంపద మాత్రమే కాదు. ఎదుటివాని ఆకలిని తన ఆకలిగా ఎరిగే హృదయమని సీతమ్మ జీవితం చాటుతున్నది.