నదీమార్గ శోధకుడు కెప్టెన్ హెన్రీ ష్రీవ్

మన మంజీర కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఆ గోదావరిపై ఎగువ సీమల దాక స్టీమరులు నడపవలెనని 19వ శతాబ్దమున దుమ్ముగూడెము కడ ఆనకట్ట కట్టిరి. కాని రాతిబండల అడ్డు తొలగింపజాలక, వ్యయము పెరుగగా, 1871లో ఆ యత్నమును విడిచిరి. నదిలో నీరున్నంత మాత్రమున పడవ నడువదు, దారియు నుండవలెను. అమెరికా దేశమున అట్టి దారి తీసినవాడు హెన్రీ మిల్లర్ ష్రీవ్.

ఇతడు 1785 అక్టోబరు 21వ తేదీన న్యూజెర్సీలో జన్మించెను. తండ్రి స్వాతంత్ర్య సమరమున కర్నలు. 1799లో తండ్రి గతింపగా బాలుడు పడవపనికి కుదిరెను. 1807 నాటికి సొంత పడవ సంపాదించి బొచ్చుతోళ్ల వర్తకము సాగించెను. 1815లో ‘ఎంటర్‌ప్రైజ్’ అను స్టీమరుతో మిసిసిపీ ప్రవాహమున కెదురేగి న్యూ ఆర్లియన్సు నుండి లూయీవిల్ చేరెను. అంతకుమున్ను ఏ స్టీమరును అట్లు రాలేదు. ఆ నదిపై స్టీమరులు నడుపు హక్కు తమదేయని ఫుల్టన్, లివింగ్‌స్టన్ పక్షమువారు వ్యాజ్యము వేసినను జంకలేదు.

ఆ నదులకు పెద్ద శత్రువు వేరుగా నుండెను. వరదలకు గట్లు విరిగి మహావృక్షములు వేళ్లతో కూలును. వేళ్లు బురదలో దిగబడును. మొదలు మాత్రము వాలుగా నిలిచి, మడుగులో కాళీయునివలె నీటిక్రింద పొంచియుండును. దానికి తగిలిన పడవ అడుగు చీలి క్షణములో మునుగును. ఎన్ని ప్రాణములు, ఎంత సరకు ఇట్లు పోయెనో!

1826లో ష్రీవ్ పశ్చిమ నదుల బాగుచేతకు సూపరింటెండెంటుగా నియుక్తుడయ్యెను. 1829లో ‘హీలియోపొలిస్’ అను పడవను నిర్మించెను. రెండు పడవలను ప్రక్కప్రక్కన కూర్చి, ముందుభాగమున ఇనుపరేకు తొడిగిన పెద్ద దూలము నమర్చెను. ఆవిరి బలమంతయు చూపి పడవ వేగముగా పోయి మ్రానును ఢీకొనును; అది విరుగును, లేదా కదలును. పిమ్మట గొలుసులతో, రాట్నముతో పైకి లాగి, రంపముతో కోసి, మొద్దును లోతునీట వదలుదురు. జనులు దీనికి దొరతనమువారి పళ్లు పీకు యంత్రమని ముద్దుపేరు పెట్టిరి. పేరు చక్కగా కుదిరినది.

అటుపిమ్మట రెడ్ రివరు వంతు వచ్చెను. అందు సుమారు 160 మైళ్ల పొడవున శతాబ్దములుగా మ్రాకులు పేరుకొని, వానిపై మన్ను పడి, చెట్లు సైతము మొలచినవి. ‘ఆర్కిమెడిస్’ మొదలగు పడవలతో 1833లో పూనుకొని 1838 నాటికి దారి తీసెను. ఆ తీరమున వెలసిన పట్టణమునకు ష్రీవ్‌పోర్ట్ అని యాతని పేరే నిలిచినది. అయితే అచ్చటి ఆదివాసులగు కాడోలు 1835 ఒడంబడికతో తమ భూములను అమెరికా ప్రభుత్వమునకు విడిచి తరలిపోవలసివచ్చెను. జమ వ్రాసిన చేతితోనే ఖర్చును వ్రాయవలెను గదా!

1838లో ఆ పడవకు పేటెంటు లభించెను. 1841లో పరిపాలన మారి ఉద్యోగము పోయెను. 1851 మార్చి 6వ తేదీన సెయింట్ లూయీలో ష్రీవ్ కాలధర్మము చెందెను. పాటుపడువారు లేక, రెడ్ రివరులో మ్రాకులు మరల పేరుకొన్నవి. 1873లో వుడ్రఫ్ అను సైనిక ఇంజనీరు నైట్రోగ్లిసరిను ప్రేలుడు మందుతో వానిని ఛేదింపబూని, ఆ పనిలో నుండగనే పచ్చజ్వరముతో ష్రీవ్‌పోర్టులో మరణించెను. ఆ యేడే పని ముగిసెను. ఆ పనిలోను మ్రాకులు తీయు స్టీమరులే నడిచినవి.