జలదాత భాస్కర భవదూరుడు

ముద్దనూరు మొదలు పోరుమామిళ్ల వరకు కడప సీమ వానలు కరవైన నేల. ఇక్కడ చెరువు నిలిస్తేనే ఊరు నిలుస్తుంది. ఈ సత్యాన్ని గ్రహించిన ప్రభువు భాస్కర భవదూరుడు.

ఆయన విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు. ఉదయగిరి కేంద్రంగా తూర్పు రాజ్యాన్ని పాలించాడు. జలదానాన్ని మించిన ధర్మం లేదని విశ్వసించి, పోరుమామిళ్ల వద్ద అనంతరాజసాగరం అనే చెరువును నిర్మింపజేశాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ వృత్తాంతాన్ని తెలుపుతున్నది. ప్రతిదినం వేయిమంది శ్రామికులు పనిచేశారు. నూరు బండ్లు రాళ్లు తోలాయి. రెండేళ్లకు ఆ శ్రమ ఫలించింది.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, నీరు కారే కట్ట, చవిటి నేల వంటి ఆరు దోషాలు ఉండరాదనీ ఆ శాసనం వివరించింది. ధర్మబుద్ధి గల రాజుతోపాటు జలశాస్త్రం తెలిసిన పండితుడు, నేర్పరులైన పనివారు కూడా ఆ అంగాలలో చేరడం గమనింపదగినది. ఒక్కరి సంకల్పంతో చెరువు నిండదని ఆనాడే గుర్తించారు.

రాజు చెరువు కట్టించగలడు. దానిని కాపాడుకోవలసినది ప్రజలే. పూడిక పేరుకున్నా, వాగు దారి మూసుకుపోయినా ఎంతటి సాగరమైనా ఎండిపోతుంది. అందుకే చెరువులను నిర్మించినవారికీ, బాగుచేసినవారికీ పూర్వం ఈ సీమలో దశబంధ మాన్యాలు ఇచ్చేవారు.

ఆరున్నర శతాబ్దాలు గడిచినా ఆ చెరువు నేటికీ ఉన్నది. భాస్కరుని కీర్తి శిలపై కంటె ఆ నీటిలోనే సజీవంగా నిలిచింది.