రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905) పందొమ్మిదవ శతాబ్దపు భారతీయ ఛాయాగ్రాహకులలో ప్రముఖుడు. హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. నాటి హైదరాబాదు నగరాన్ని, నిజాము దర్బారును చూడడానికి ఈయన చిత్రాలు ముఖ్యమైన ఆధారం. ఇవి ఎంతకాలం నిలుస్తాయనేది వాటి ముద్రణలో వాడిన రసాయనాలపై ఆధారపడి ఉంది.

తొలి జీవితం

దీన్ దయాళ్ మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగంలో చేరాడు. 1870 దశకంలో ఛాయాగ్రహణం అభ్యసించాడు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, బ్రిటిషు ప్రతినిధి సర్ హెన్రీ డాలీ ఈయనను ప్రోత్సహించారు.

ముద్రణ, రసాయనాలు

అప్పట్లో గాజు పలకపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి అక్కడే కడగవలసి వచ్చేది. మన దేశపు ఎండలలో ఇది చాలా కష్టమైన పని. ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళ్ళినా చీకటి గుడారం వెంట ఉండవలసిందే. 1880 ప్రాంతంలో కొలోడియన్‌కు బదులు జిలాటిన్ పూసిన పొడి పలకలు వ్యాప్తిలోకి రావడంతో ఈ బాధ తప్పింది.

కాగితంపై ముద్రణకు ఎక్కువగా ఆల్బుమెన్ పద్ధతి వాడేవారు. ఉప్పు కలిపిన గుడ్డు తెల్లసొనను కాగితానికి పూసి, సిల్వర్ నైట్రేట్‌పై తేల్చి, నెగటివ్ కింద ఉంచి ఎండలో పెట్టేవారు. ఇందులో బొమ్మ సన్నని వెండి రేణువులతో ఏర్పడుతుంది. గంధకపు వాయువులు, తేమ తగిలితే వెండి వెలిసిపోతుంది. తెల్లసొన కూడా క్రమంగా పసుపు రంగుకు మారుతుంది. దీనిని తగ్గించడానికి బొమ్మను గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో ఉంచేవారు. కొంత వెండి స్థానంలో బంగారం చేరి రంగు ఊదాగోధుమ ఛాయకు మారేది, మన్నిక పెరిగేది. హైపోను సరిగా కడగకపోతే మాత్రం బంగారం కూడా కాపాడలేదు.

వెండిని పూర్తిగా వదిలివేసినది కార్బన్ పద్ధతి. జిలాటిన్‌లో మసి వంటి రంగుపొడి కలిపి, పొటాషియం డైక్రోమేట్‌తో కాంతికి స్పందించేలా చేస్తారు. వెలుతురు తగిలినచోట జిలాటిన్ గట్టిపడుతుంది, మిగిలినది వేడినీటిలో కరిగిపోతుంది. మసి వెలిసిపోదు కనుక బొమ్మ నిలుస్తుంది. దీన్ దయాళ్ 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతంలో పర్యటించి తీసిన చిత్రాలతో 1886లో లండనులో వెలువడిన గ్రంథానికి ఈ పద్ధతినే ఎంచుకున్నారు. ఆటోటైప్ అనే పేరుతో దీనిని అక్కడి సంస్థ ముద్రించింది. కోటలు, దేవాలయాలు, స్తూపాల వంటి కట్టడాల చిత్రాలకు ఇది తగిన నిర్ణయమనే చెప్పాలి. పద్ధతి శ్రమతో కూడినది కావడంతో రోజువారీ స్టూడియో పనిలో ఆల్బుమెన్ కాగితమే చాలాకాలం కొనసాగింది.

హైదరాబాదులో

1885లో నిజాము ఆస్థానంలో నియమితుడై, మరుసటి ఏడు సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం స్త్రీ నిర్వహణలోనే ప్రత్యేక స్టూడియో ఏర్పాటు చేశాడు. 1894లో నిజాము ఈయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహద్దూర్ బిరుదును ప్రదానం చేశాడు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో ప్రారంభమైంది. దర్బారులు, వేటలు, భవనాలతో పాటు కరువు సహాయక పనులను కూడా చిత్రించాడు కనుక ఈయనను రాజుల ఛాయాగ్రాహకుడని మాత్రమే అనడం సరికాదు.

దీన్ దయాళ్ 1905 జూలై 5న మరణించాడు.

నెగటివ్‌లు

1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఈయన గాజు నెగటివ్‌లను 2,857 సేకరించింది. పాత ఆల్బుమెన్ కాగితాలు పాలిపోయినా, గాజు పలక పగలకుండా ఉన్న చిత్రాలను తిరిగి ముద్రించుకోవడానికి దీనివలన వీలుకలిగింది. 2006లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.