ఊళ్లు మారినా వదలని స్ఫటికం

పిల్లలూ! అమ్మానాన్నలకు బదిలీ అయితే ఊరు మారడం, కొత్త బడిలో చేరడం, స్నేహితులను వదిలి రావడం మనకు తెలిసినవే. శాస్త్రవేత్త డొరొతీ హాడ్జ్‌కిన్ బాల్యంలో ఇంతకంటే పెద్ద ఎడబాటే ఉంది.

ఆమె 1910 మే 12న ఈజిప్టులోని కైరోలో పుట్టారు. తండ్రి అక్కడి విద్యాశాఖలో ఉద్యోగి. 1914లో ప్రపంచ యుద్ధం మొదలైంది. నాలుగేళ్ల డొరొతీని, ఇద్దరు చెల్లెళ్లను ఇంగ్లండులో ఉంచి తల్లిదండ్రులు తిరిగి ఉద్యోగానికి వెళ్లిపోయారు. తర్వాత చాలా ఏళ్లు వాళ్లను చూడగలిగింది అరుదుగానే.

పదేళ్ల వయసులో పటిక, మైలుతుత్తం స్ఫటికాలను పెంచడం నేర్చుకున్నారు. ఆ ఇష్టం ఇక పోలేదు. హైస్కూల్లో రసాయన శాస్త్రం తరగతి మగపిల్లలదే. ఆమెకూ మరో అమ్మాయికీ మాత్రం అందులో కూర్చునే అనుమతి దొరికింది. పదమూడో ఏట తండ్రి పనిచేసే సూడాన్‌కు వెళ్లినప్పుడు, అక్కడి రసాయన శాస్త్రవేత్త ఒకరు రసాయనాల పెట్టె ఇచ్చారు. దానితో ఇంగ్లండులోని ఇంటి అటక ప్రయోగశాల అయింది.

స్ఫటికంలో అణువులు ముగ్గులో చుక్కల్లా వరస తప్పకుండా ఉంటాయి. దాని గుండా ఎక్స్-కిరణాలు పంపితే ఫిల్ము మీద మచ్చలు పడతాయి. వాటి స్థానాలు, ముదురు-లేత తేడాలు కొలిచి, లెక్కకట్టి అణువు ఆకారం తెలుసుకోవాలి.

1934లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె చేతికి ఇన్సులిన్ వచ్చింది. అందులోని స్ఫటికాలు మరీ చిన్నవి. కరిగించి, మళ్లీ పెద్దవిగా పెంచి, ఫోటో తీశారు. కానీ అంత పెద్ద అణువును లెక్కకట్టే దారి అప్పటికి లేదు. అదే కాలంలో, 24 ఏళ్లకే, కీళ్లవాతం పట్టుకుంది. పోనుపోను చేతివేళ్లు వంకరపోయాయి. అయినా పని ఆపలేదు. పెన్సిలిన్, బి12 విటమిన్ల ఆకారాలు తేల్చారు. 1964లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇన్సులిన్‌ను మాత్రం మరచిపోలేదు. 1969లో, 35 ఏళ్ల తర్వాత, దాని ఆకారం తేలింది. ఆ బృందంలో మన దేశానికి చెందిన ఎం. విజయన్ కూడా ఉన్నారు. తర్వాత ఆయన బెంగళూరులో ఎందరికో ఈ విద్య నేర్పారు.

డొరొతీ 1994లో కన్నుమూశారు. స్ఫటికాన్ని పెద్దది చేయడమే ఆనాటి కష్టం. ఎక్స్-కిరణాల కంటే ఎలక్ట్రాన్లు పరమాణువులతో ఎంతో బలంగా స్పందిస్తాయి కనుక, నేడు అతి చిన్న స్ఫటికాలూ సరిపోతున్నాయి. 2013లో, వెంట్రుక మందంలో సుమారు వందో వంతున్న స్ఫటికాలతోనే, కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రోటీను ఆకారాన్ని చూపారు.

పటిక ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పెద్దవాళ్ల సాయంతో వేడినీళ్లలో కరిగించి, దారం వేలాడదీసి, కదపకుండా కొన్నాళ్లు ఉంచండి. ఏం పెరిగిందో వచ్చి చెప్పండి.