బీవర్ల నేస్తం గ్రే ఔల్

గోడపత్రికలో ఈసారి కెనడా దేశపు అడివిలో బతికిన ఒకాయన జీవితం రాస్తున్నాను. ఆయన మంచి పని చేశాడు. పెద్ద అబద్ధం కూడా ఆడాడు. రెండూ చెప్తాను, చివరిదాకా చదవండి.

ముందు బీవర్ అంటే ఏంటో తెలియాలి. అది మన దేశంలో లేదు. చూడ్డానికి బాగా పెద్ద పందికొక్కులా ఉంటుంది, 20 కిలోల పైన కూడా తూగుతుంది. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. పళ్లు నారింజ రంగు, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఆ పళ్లతో చెట్లు కొరికి పడగొడుతుంది. కొమ్మలు, బురద, రాళ్లు వేసి వాగుకు అడ్డంగా కట్ట కడుతుంది. కట్ట వెనక నీళ్లు నిలిచి చెరువవుతుంది. ఆ చెరువులో కొమ్మలతో గూడు కట్టుకుని, వాకిలి నీళ్ల కింద పెట్టుకుంటుంది. చెరువు ఉంటే చేపలు, బాతులు, దుప్పులు అన్నీ బతుకుతాయి. బీవర్ పోతే కట్ట తెగుతుంది, చెరువు ఎండుతుంది.

దాని బొచ్చుతో ఐరోపా దొరలు టోపీలు చేయించుకునేవారు. 1670లో పుట్టిన హడ్సన్ బే కంపెనీ ఆ తోళ్ల వ్యాపారంతోనే పెద్దదయ్యింది. 1920ల నాటికి చాలా చోట్ల బీవర్ కనబడడమే కష్టమైపోయింది.

ఇక మన కథలోకి వద్దాం. గ్రే ఔల్ అంటే బూడిదరంగు గుడ్లగూబ. మన దగ్గర గుడ్లగూబ అపశకునం అంటారు గానీ ఆయన ఆ పేరే ఇష్టపడి పెట్టుకున్నాడు. 1906లో కెనడా వచ్చాడు. టెమాగమి అనే పెద్ద సరస్సు దగ్గర ఒజిబ్వే ఆదివాసుల మధ్య ఉన్నాడు. దోనె నడపడం, మంచులో నడవడం, ఉచ్చులు పెట్టడం, వాళ్ల భాష, అన్నీ వాళ్లే నేర్పారు. 1910లో ఆంజెల్ అనే ఒజిబ్వే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కొన్నాళ్లకు ఆమెను, బిడ్డను వదిలి వెళ్లిపోయాడు. ఇది ఆయన చేసిన తప్పు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పోయి, 1916లో కాలికి గాయమై తిరిగొచ్చాడు. మళ్లీ అదే వేట, అదే తోళ్ల అమ్మకం.

1925లో అనహారియో అనే మోహాక్ తెగ అమ్మాయి పరిచయమైంది. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. ఇద్దరూ కలిసి అడివిలో ఉన్నారు. ఆయన వెంట ఉచ్చుల దారిలో తిరిగినప్పుడు, ఇనుప ఉచ్చులో కాలు ఇరుక్కుని జంతువులు పడే బాధ ఆమె కళ్లారా చూసింది. ఇది ఆపమని ఆయనతో చాలాసార్లు వాదించింది. కానీ ఆయనకు అదే కూడు పెట్టే పని.

1928 వసంతకాలంలో ఆయన పెట్టిన ఉచ్చులో ఒక తల్లి బీవర్ పడింది. తర్వాత నీళ్ల మీద రెండు చిన్న తలలు కనబడ్డాయి. ఆయన తుపాకీ ఎత్తాడు. దగ్గరికొస్తే అవి తల్లి లేని బీవర్ పిల్లలు. వీటిని బతికిద్దామని అనహారియో పట్టుబట్టింది. వాటిని దోనెలో వేసుకొచ్చారు. గిన్నెలో పాలు పోస్తే తాగడం రాలేదు. పుల్లను డబ్బాపాలలో ముంచి నాకించారు. చంటిపిల్లల్లా ఏడ్చేవి, ఒళ్లో ఎక్కి పడుకునేవి. మెగ్గినిస్, మెగ్గింటీ అని పేర్లు పెట్టారు. పెద్దయ్యాక బల్ల కాళ్లు కొరకడం, గుడిసె తలుపుకు అడ్డంగా కట్ట కట్టడం మొదలుపెట్టాయి!

అప్పుడు ఆయన మనసు మారింది. ఇక బీవర్‌ని చంపనని నిర్ణయించుకున్నాడు. మరి తిండి ఎట్లా? అడివి గురించి వ్యాసం రాసి ఇంగ్లండు పత్రికకు పంపాడు. అది అచ్చయింది, డబ్బు వచ్చింది. కానీ 1930లో ఆ రెండు బీవర్లూ మళ్లీ కనబడలేదు. ఇద్దరూ రోజులకొద్దీ వెతికారు. తర్వాత జెల్లీ రోల్, రాహైడ్ అనే ఇంకో రెండు బీవర్లను పెంచారు.

1931లో కెనడా ప్రభుత్వం ఆయనకు జాతీయ పార్కులో ఉద్యోగం ఇచ్చింది. మొదటి చోట నీళ్లు సరిపోలేదు. అదే సంవత్సరం ప్రిన్స్ ఆల్బర్ట్ పార్కులో అజావాన్ సరస్సు ఒడ్డుకు మారారు. అక్కడి దుంగల ఇల్లు చిత్రమైనది. బీవర్ల గూడు సగం ఇంటి లోపల, సగం బయట నీళ్లలో! జెల్లీ రోల్ నోట్లో కర్రలు, చేతుల్లో బురద పట్టుకుని గదిలోకి నడిచొచ్చేది. మనిషి, బీవర్ ఒకే కప్పు కింద బతికారు. ఆయన పుస్తకాలు రాశాడు, సినిమాలు తీశారు, ఇంగ్లండు వెళ్లి వందల సభల్లో మాట్లాడాడు. 1937 డిసెంబరులో రాజు ముందు కూడా ప్రసంగించాడు. తర్వాత రాణి అయిన ఎలిజబెత్ అప్పుడు చిన్నపిల్ల, ఆమె కూడా విన్నది. ఆ తిరుగుడుతో ఒళ్లు గుల్లయింది. 1938 ఏప్రిల్ 13న న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 49.

ఇప్పుడు అబద్ధం సంగతి. తన తల్లి అపాచీ తెగ ఆదివాసి అని ఆయన అందరికీ చెప్పేవాడు. జుట్టుకు నల్లరంగు వేసుకునేవాడు, రెండు జడలు అల్లుకునేవాడు. చనిపోగానే ఒక పత్రిక నిజం బయటపెట్టింది. ఆంజెల్ దగ్గర విన్న కథను ఆ పత్రిక మూడేళ్లుగా దాచిపెట్టింది. ఆయన అసలు పేరు ఆర్చిబాల్డ్ బెలానీ. 1888లో ఇంగ్లండులో హేస్టింగ్స్ ఊళ్లో పుట్టి, మేనత్తల దగ్గర పెరిగిన తెల్లవాడు.

ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మన దగ్గర కూడా దొంగ సర్టిఫికెట్‌తో ఆదివాసి అనిపించుకుని మన సీటు తీసుకునేవాళ్ల గురించి వింటుంటాం కదా. ఇంకో సంగతి చూడండి. లండన్‌లో జనం ఆయన ఈకల వేషానికి చప్పట్లు కొట్టిన రోజుల్లోనే, కెనడాలో నిజమైన ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి బోర్డింగ్ బడుల్లో పెట్టేవారు. సొంత భాష మాట్లాడితే కొట్టేవారు. ఆయన మొదట ఉద్యోగం చేసిన రైడింగ్ మౌంటెన్ పార్కు నుంచి 1936లో ఒజిబ్వే కుటుంబాలను వెళ్లగొట్టి ఇళ్లు తగలబెట్టారు. వాళ్ల మాట ఎవరూ వినలేదు.

అయితే ఆయన చేసిన పని అబద్ధమా? కాదు. ఆ బీవర్లు నిజం, ఆ ప్రేమ నిజం. బీవర్ అంటే తోలు మాత్రమే అనుకున్న జనం అది కూడా ఒక ప్రాణం అని తెలుసుకున్నారు. ఆయన ఒక్కడి వల్లే కాకపోయినా, వేట మీద కట్టుబాట్లు వచ్చి బీవర్లు మళ్లీ పెరిగాయి. 1975లో బీవర్‌ని కెనడా దేశ చిహ్నంగా చట్టం చేశారు. ఇప్పుడు బీవర్ కట్టవల్ల పొలమో రోడ్డో మునిగితే చంపకుండా సర్దుకునే పద్ధతులు వచ్చాయి. కట్టలోంచి పొడవాటి పైపు వేసి, దాని నోటికి జాలీ బిగిస్తారు. నీటిమట్టం తగ్గుతుంది, చెరువూ ఉంటుంది. చెట్ల మొదళ్లకు ఇనుప జాలీ చుడతారు. పొలం మనిషికి, వాగు బీవర్‌కి!

మరి ఇదంతా ఎవరితో మొదలైంది? ఆ పిల్లల్ని బతికిద్దామన్న అనహారియోతో. ఆమె 1972లో తన కథ తానే పుస్తకంగా రాసింది. 1983లో కెనడా ప్రభుత్వం గౌరవించింది. 1986లో చనిపోయింది. ఇద్దరి సమాధులూ అజావాన్ ఒడ్డునే ఉన్నాయి.

మిత్రులారా, గ్రే ఔల్ దగ్గర ప్రేమ నేర్చుకుందాం, అబద్ధం వద్దు. మన అడివి కథ చెప్పడానికి ఎవరో మన వేషం వేసుకుని రావాల్సిన పని లేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతను, అవ్వను అడగండి: మన వాగు దగ్గర ఏ జంతువులు ఉండేవి, ఇప్పుడు ఏవి లేవు, ఎందుకు లేవు. రాసి పట్టుకురండి. కింద మీ పేరు, మీ ఊరి పేరు తప్పకుండా రాయండి. వచ్చే సంచికలో పెడదాం.

– పదో తరగతి విద్యార్థి