బొమ్మసైన్యముల సేనాని వెల్సు

అనకాపల్లికి చేరువనున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱకు లక్కరంగులు పట్టించి బొమ్మలు చేయుదురు. అట్టి బొమ్మలను రెండు సైన్యములుగా నేలపై తీర్చి యుద్ధమాడు బాలుని పెద్దలు మందలింతురు. నలుబదియారేండ్ల వయస్సున, లోకమంతట పేరుపొందిన పిమ్మట, ఒక రచయిత ఆ యాటనే ఆడి దానిపై పుస్తకము వ్రాసెనన్న మన ఉపాధ్యాయులు నవ్వవచ్చును. ఆయన హెర్బర్టు జార్జి వెల్సు. ఆయనయు ఒకప్పుడు బడిపంతులే.

1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని బ్రామ్లీలో వెల్సు జన్మించెను. తండ్రికి పింగాణి సామానుల చిన్న దుకాణముండెడిది; ఆయన దిట్టతనమంతయు క్రికెట్టులోనే. సంసారము గడవక తల్లి ఒక గొప్పయింటిలో పనివారిపై పెత్తనముచేయు కొలువున కుదిరెను. బాల్యమున కాలు విఱిగి మంచము పట్టిన దినములలో బాలునకు పుస్తకముల రుచి తగిలెను. పిమ్మట బట్టలకొట్టులో వెట్టిచాకిరి. తల్లిని బతిమాలి దానినుండి బయటపడి, మిడ్‌హర్‌స్టు పాఠశాలలో పిల్లలకు చెప్పుచు తాను చదువుకొనెను. 1884లో విద్యార్థివేతనముతో లండను చేరి హక్స్‌లీ పండితునియొద్ద జీవశాస్త్ర మభ్యసించెను. 1895లో వెలువడిన 'టైం మెషిన్' నవలతో కీర్తి వచ్చెను.

శాండ్‌గేటులో ఒకనాడు భోజనానంతరము ఆయన మిత్రుడొకడు, ఆటగదిలో పడియున్న చిన్న ఫిరంగిని బొమ్మసైనికులపై పేల్చెను. ఆ మిత్రుడు హాస్యరచయిత జెరోము కె. జెరోమని చెప్పుదురు. స్ప్రింగుతో పనిచేయు ఆ ఫిరంగి కఱ్ఱగుండ్లను విసరును. పందెము పుట్టినది, పందెమునుండి ఆట పుట్టినది. విజ్ఞానసర్వస్వ సంపుటములు కొండలును ఇండ్లును ఆయెను. పెద్దమనుషులు మోకాళ్లపై ప్రాకసాగిరి!

నియమములు 1913లో 'లిటిల్ వార్స్' అను పేర అచ్చుపడెను. పదాతి ఒక ఎత్తుకు ఒక అడుగు, గుఱ్ఱపుదళము రెండడుగులు కదలవచ్చును. చేరువలో నలుగురు సైనికులు లేనిదే ఫిరంగి పేలరాదు. దగ్గఱగా తలపడిన సమానబలములు ఒకరికొకరు చొప్పున హతులగుదురు. ఎత్తువేయుటకు గడియారము పట్టి కాలము నిర్ణయింతురు. నెపోలియను చేతిలో ఓడిన ప్రష్యావారు, ఆయన పతనానంతరము 1824 నాటికే తమ సైనికాధికారులకు పటముపై యుద్ధక్రీడ నేర్పిరి. అది శిక్షణ కొఱకు. వెల్సు దానిని ఇంటింటి వినోదముగా మార్చెను.

ఈ యాటకు మన ప్రాంతమున రణరంగము కఱవు కాదు. 1794 జూలై 10న విజయనగర ప్రభువు విజయరామరాజు కుంపిణీ సైన్యము నెదిర్చి పద్మనాభమున నేలకొరిగెను. ఫ్రాన్సులో నెపోలియను ఫిరంగిదళములో పేరు తెచ్చుకొనుచున్న కాలమది. నాలుగు పాఠ్యపుస్తకములను కొండగా పేర్చి, బొమ్మలను నిలిపినచో, ఆ రాజునకు మిగిలియున్న దారులెన్నియో విద్యార్థులకు కన్నులకు కట్టును.

వెల్సు యుద్ధప్రియుడు కాడు. బొమ్మలాటలోనే ఇన్ని పొరపాట్లు జరుగుచుండగా నిజయుద్ధమెంతటి తెలివితక్కువ పనియో ఊహించుకొనుడని పుస్తకము చివర వాదించెను. నెపోలియను ననినను ఆయనకు గౌరవము లేదు. 1920 నాటి తన ప్రపంచ చరిత్రలో ఆ చక్రవర్తిని తీవ్రముగా దూషించెను.

ఇక నాకు మ్రింగుడుపడని ఘట్టము. పుస్తకము వెలువడిన మరుసటి యేడే, 1914 ఆగస్టులో, మహాయుద్ధము వచ్చెను. వలదనవలసిన వెల్సు, యుద్ధములనే అంతమొందించు యుద్ధమిదియని పుస్తకము ప్రకటించి స్వదేశపక్షమున కలము పట్టెను. ఆయన కుమారులు ఇంకను బాలురు. పొరుగిండ్ల కుమారులు కందకములలో కూలిరి. ఆ మాట నిజము కాలేదు. ఆయన శేషజీవితము నానాజాతి సమితి కొఱకు, ప్రపంచప్రభుత్వము కొఱకు వాదించుటలో గడచినది.

1914లోనే వెలువడిన మఱియొక నవలలో ఆయన అణుబాంబును ఊహించి దానికా పేరే పెట్టెను. 1945లో హిరోషిమా కాలిపోయిన వార్త వినుటకు బ్రతికియుండెను. మరుసటి సంవత్సరము ఆగస్టు 13న లండనులో మరణించెను.