మూడోసారి గట్టెక్కిన సుబ్బారావుగారు

పోయిన నెలలో ఓ ఆదివారం మా అక్కయ్య ఫోన్ చేసి, ఓసారి వచ్చి వెళ్ళవే అంది. గొంతు అదోలా ఉంది. జగ్గయ్యపేటలో బస్సెక్కి గంటలోపే నందిగామలో దిగాను. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. మంచమ్మీద గుడ్డ పరిచి అక్కయ్య చంద్రహారం, నాలుగు గాజులు పెట్టి ఉన్నాయి. పక్కగదిలో దాని కూతురు గోడవైపు తిరిగి పడుకుంది.

సంగతేమిటంటే, పిల్లది ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. పైచదువుకి విదేశాలకు వెళ్ళాలని ఆశ. ఇప్పటిదాకా వచ్చిన మార్కులూ, చివరి పరీక్షల్లో ఎన్ని రావచ్చో కాలేజీవాళ్ళు వేసిన అంచనా కలిపి దరఖాస్తుతో పంపాలట. రెండో ఏడు మా బావగారికి జబ్బు చేస్తే ఆసుపత్రి చుట్టూ తిరిగి మూడు పేపర్లు తప్పింది. తర్వాత రాసి పాసయింది గానీ ఆ మచ్చ పోలేదు. అంచనా కూడా అంతంతమాత్రమే. ఎవరో ఏజెంటు, ఇంకాస్త డబ్బిస్తే మార్కుల జాబితా తనే బాగు చేయిస్తానన్నాడట. ఆ డబ్బు కోసం బయటకొచ్చాయి ఈ నగలు!

నా గుండె గుభేలుమంది. ఎలా మొదలెట్టాలో తోచక, పిల్లను లేపి పక్కన కూర్చోబెట్టుకుని యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ చెప్పాను. మీకూ చెప్తాను, వినండి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్నగారు జగన్నాథంగారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం సరిగా లేక అదీ ముందే మానుకున్నారు. ఏడుగురు పిల్లలతో ఇల్లు గడవడమే కష్టం. కుర్రాడికేమో చదువు మీద ధ్యాస లేదు. కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని పదమూడో ఏట ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెంకమ్మగారు వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టారు.

మెట్రిక్ తప్పాడు. మళ్ళీ కట్టి మళ్ళీ తప్పాడు. ఇంతలో తండ్రి పోయారు. ఇంకెవరైనా అయితే, చదివింది చాల్లే, ఏదో పని చూసుకో అనేవారు. వెంకమ్మగారు తన నగలమ్మి చదువు నిలబెట్టారని చెప్తారు. మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటరయ్యాక సన్యాసం పుచ్చుకుంటానంటే ఆ తల్లే ససేమిరా అంది. అప్పుడు మెడికల్ కాలేజీలో చేరాడు. ఖర్చులకి స్నేహితులూ, తర్వాత పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ ఆదుకున్నారు.

అక్కడా తిన్నగా జరగలేదు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్లకి వెళ్ళేవారు. సర్జరీ చెప్పే తెల్లదొరకి అది కంటగింపయింది. రాతపరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. దాంతో సర్కారు కొలువూ దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోవడం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఇలాంటి జబ్బుల సంగతేమిటో తేల్చుకోవాలనుకున్నారు.

అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు ఉష్ణదేశాల జబ్బుల మీద డిప్లొమా చెప్పేవారు. ఆ కోర్సులో సీటు దొరికింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతాది మామగారు కూడగట్టారు. 1920ల మొదట్లో ఓడెక్కారు.

బోస్టన్‌లో దిగాక ఆ పట్టాకి డాక్టరు పని దొరకలేదు. పొట్టకూటికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరుగా చేరి రోగుల పాన్‌లు కడిగారు. పగలు చదివారు. డిప్లొమా అయ్యాక జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. శరీరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ కూడా వాళ్ళ పరిశోధనలోనే బయటపడింది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

కడుపుతో ఉన్నప్పుడు మనకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర గుర్తుందా? దాన్ని కృత్రిమంగా తయారుచేసే పని 1945లో సాధించింది ఆయన ఆధ్వర్యంలోని బృందమే. బోదకాలు జబ్బుకి హెట్రజాన్ మందూ అక్కడిదే. క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలోనే పుట్టింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్క్‌లో కన్నుమూశారు. నూరేళ్ళ జయంతికి 1995లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇదంతా విని మా పిల్ల, మరి ఆయన భార్య ఏమయింది పిన్నీ అని అడిగింది. నాకు ఓ క్షణం మాట రాలేదు. శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ ఇండియాకి రాలేదు, ఆవిడ అమెరికా వెళ్ళలేదు. స్టాంపు మీద ఆవిడ బొమ్మ లేదు, నగలమ్మిన వెంకమ్మగారి బొమ్మా లేదు. పైచదువు ఖర్చంటే ఫీజూ, టిక్కెట్టూ మాత్రమే కాదమ్మా, ఇంట్లోవాళ్ళు మోసేది కూడా లెక్కలో వేసుకోవాలి అన్నాను. అక్కయ్య కళ్ళు తుడుచుకుంది.

తప్పినవాళ్ళందరూ సుబ్బారావులవుతారని నేననను. కానీ ఆయన ఉన్న పట్టాతోనే వెళ్ళి, దొరికిన మెట్టు మీదే కాలు పెట్టారు. దొంగ మార్కులతో వెళ్తే పట్టుబడిన రోజు సీటూ పోతుంది, వీసా పోతుంది, నగలెటూ పోతాయి. ఆ మూడు పేపర్లు ఎందుకు తప్పిందో ఉన్నదున్నట్టు దరఖాస్తులో రాయమన్నాను. తర్వాత వచ్చిన మార్కులు పెరిగితే అవి చూపించమన్నాను. తనని బాగా ఎరిగిన లెక్చరర్ల చేత సిఫారసు ఉత్తరాలు రాయించుకోమన్నాను. పెద్ద పేర్ల వెంట పడకుండా, తన మార్కులకి తలుపు తెరిచే కోర్సులు ఏవో ముందు చూసుకోమన్నాను. అక్కడ తిండికీ, అద్దెకీ నెలకెంతవుతుందో కాగితం మీద వెయ్యమన్నాను.

సాయంత్రం ఏజెంటు ఫోన్ చేస్తే పిల్లే తీసి, అక్కర్లేదండీ అని పెట్టేసింది. మూడు దరఖాస్తులు వెళ్ళాయి. ఒకచోట కాదన్నారు, రెండు జవాబులు రావాలి. చంద్రహారం ఇప్పటికైతే బీరువాలోనే ఉంది. మంచి జవాబొస్తే అది మళ్ళీ బయటికొస్తుందేమో. అప్పుడు అమ్మమనే చెప్తాను.